చదివింపుల్లో ఊరి పేరు

పత్తికొండ ఆదోని రోడ్డు కల్యాణమండపంలో
చదివింపులు రాసేది నేను.
ఎడమచేతి కింద బౌండు పుస్తకం, కుడిపక్క మైకు.
పక్క కుర్చీలో హుసేనప్ప,
నీలిటోపీ పెట్టుకొని సూడాన్ పోయొచ్చిన రిటైర్డు నాయక్,
నోట్లు లెక్కబెట్టి రబ్బరు బ్యాండ్లేస్తాడు.

జనం పలచనైనప్పుడు చెప్పినాడు:
"మా క్యాంపులో దీవోళ్లు పదకొండు మంది ఉండ్రి.
దేశం మొత్తానికి పంపింది అంతే.
వాళ్ల పటాలమంతా కలిపినా
మన టమాటా మార్కెట్లో పొద్దున్నే ఉండే హమాలీలంత లేరంట.
జెండా కట్టె మాత్రం మాదెంతో వాళ్లదీ అంతే.
రోజూ దాన్ని ఇస్త్రీ చేసి ఎగరేస్తాండ్రి."

"వాళ్ల బాయి కాదు, వాళ్ల గట్టు కాదు,
ఎందుకొచ్చినట్ల మరి?"

"నేనూ అడిగినా. ఒకడు జీతమన్నాడు,
ఆ డాలర్లతో ఇంటికి రేకులేసుకుంటాడంట.
సార్జెంటు మాత్రం సముద్రం దిక్కు చూసినట్ల చూసినాడు,
ఆడ సముద్రం యాడుంది, వట్టి ఎర్రమట్టి.
'మా పక్కన పెద్ద దేశముంది,
రేపది మా గట్టు జరిపితే
మా అరుపు ఎవరికన్నా ఇనపడల్ల గదా' అన్నాడు."

ఆ పదకొండు మందిలో ఒకడు తిరిగిపోలేదంట.
జ్వరమో తూటానో హుసేనప్ప చెప్పలేదు.
పెట్టెను ఎవరి విమానంలోనో పంపించిరి,
వాళ్లకు విమానం లేదు.

"మరి గట్టు జరిగిననాడు వస్తారా వీళ్లంతా?"

రబ్బరు బ్యాండు తెగి వేలికి తగిలింది ఆయనకు.
"ఏమో. నీ పుస్తకంలో ఉండేటోళ్లందరికీ
తిరిగి చదివించినారా జనం?"

అప్పుడొచ్చింది కురువ మాదక్క.
కొంగుముడి విప్పితే ఐదు పదులు, ఒక బిళ్ల.
బిళ్ల ఇంకా చెమటగా ఉంది.
రాసుకొని మైకులో చదివినా:
"పెద్దహుల్తి మాదక్క, యాభైయొక్క రూపాయలు!"

ఆమె అన్నాల దిక్కు పోలేదు.
ఎనకోళ్లు తోస్తున్నా నిలబడే ఉంది.
"మాది చిన్నహుల్తి నాయనా."

"ఏదైతే ఏముందిలేమ్మా, పక్కపక్కనే గదా."

అక్షరం రాదు ఆమెకు,
అయినా వేలు తెచ్చి సరిగ్గా ఆ గీత మీదే పెట్టింది.
"ఆ పక్కన ఉండేదే నాయనా తంటా.
నా పేరు తప్పు చదివినా పర్వాలేదు,
ఊరి పేరు మల్లొకసారి చదువు."

హుసేనప్ప లెక్క తప్పి
మళ్లీ మొదటి నోటు నుంచి మొదలుపెట్టినాడు.
నేను 'పెద్ద' కొట్టేసి పైన 'చిన్న' రాసినా.
మైకు కీచుమంది.
చదివినా.