సాగనంపిన నీళ్ళు

మా జలమండలి పుస్తకంలో నీరంటే
కిలోలీటరు. ఇంటి నంబరు, పాత రీడింగు, కొత్త రీడింగు.
పద్నాలుగేళ్ళుగా గోడవారన ఇనుపమూతలెత్తి
బొద్దింకల్ని అదిలించి, గాజు మీద చెమ్మ తుడిచి
అంకెలు చదువుతున్నాను.
నీరు పల్లమెరుగు అంటారు.
మా బెంగళూరులో ఆ మాట చెల్లదు.
వంద కిలోమీటర్లు గొట్టాల్లో, మూడుచోట్ల రొప్పి
కొండెక్కి వస్తుంది కావేరి,
మన అంట్లు తోమడానికి.

తోమాక ఎటు పోతుందో చూద్దామని
నలభై మూడో ఏట, ఒక ఆదివారం,
గాలి నింపిన ఎర్ర కయాక్‌లో
ముందుసీట్లో కూర్చున్నాను.

వెనకసీటు బోపయ్యది. కొడగు మనిషి,
కెంగేరిలో టైర్ల కొట్టు.
ఆ పడవకున్న అతుకులన్నీ అతని చేతివే.
నదిని నంబర్లలో చెప్పడు, కూడళ్ళలో చెబుతాడు:
"మొదటిది విజయనగర. రెండోది మెజెస్టిక్.
ఆ మలుపు తర్వాత సిల్క్ బోర్డు.
అక్కడ దిగి నడుద్దాం, సిగ్గేం లేదు."

కనకపుర దాటాక, అర్కావతి.
ఆశ్వయుజం వానలకి ఒళ్ళొచ్చి ఉంది.
మొదటి గంట ఏమీ జరగలేదు.
తెడ్డు ముంచితే చిన్న గుంట,
ఎత్తితే పూడిపోతుంది. అంతే.
తెల్లమద్ది చెట్లు వేళ్ళు నీళ్ళలోకి చాపుకుని ఉన్నాయి.
లకుముకి పిట్ట మాకంటే ఒక కొమ్మ ముందుంటోంది.
నీటికుక్క ఒకటి తలెత్తి, మమ్మల్ని ఎగాదిగా చూసి,
పనికిరామని తేల్చుకుని మునిగింది.

తర్వాత చప్పుడు.
ముందు ఎవరో బియ్యం చెరుగుతున్నట్టు,
కాసేపటికి పక్కింటి మిక్సీ,
ఆ పైన ఇంకేదీ వినపడదు.

విజయనగర నవ్వుతూ దాటించింది.
మెజెస్టిక్ నడుమ బోపయ్య అరిచాడు: "బలక్కె!"
కన్నడంలో, కుడికి అని.
రోజూ బస్సులో వినే మాటే.
భయంలో నా చెవి తెలుగుదైపోయింది.
బలం అని వినపడి
ఉన్న బలమంతా పెట్టి
తిన్నగా బండ మీదికి తోశాను.

ఆకుపచ్చ.
గోధుమరంగు.
నా మోకాలే, ఎవరిదోలా.

గుక్కెడు నది నోట్లోకొచ్చింది. సబ్బు రుచి.
నాయండహళ్ళి, కెంగేరి, రాజరాజేశ్వరినగర్,
వృషభావతి మోసుకొచ్చిన నా రూట్లన్నీ ఒక్క గుక్కలో.
ఎవరింటి పసుపో, ఎవరి తలంటో,
మీటరు తిరగనివ్వని ఆ మూడిళ్ళదీ ఉండే ఉంటుంది.
లైఫ్ జాకెట్ నన్ను
జాతరలో తప్పిపోయిన పిల్లని రెక్కపట్టి లాక్కొచ్చినట్టు
పైకి తెచ్చింది.

రాతి చాటున, నిదానం నీళ్ళలో
పడవ పట్టుకుని బోపయ్య ఎదురుచూస్తున్నాడు.
"బలక్కె అంటే?"
"కుడి," దగ్గుతూ అన్నాను.
హెల్మెట్ పట్టీలో ఇరుక్కున్న షాంపూ పాకెట్ ముక్క
తీసి పారేయబోయి
ఎక్కడ పారేయాలో తెలియక జేబులో పెట్టుకున్నాను.

సిల్క్ బోర్డు దగ్గర దిగి నడిచాం,
పడవ నెత్తిన పెట్టుకుని, కాలే బండల మీద.
పైనుంచి చూస్తే అది అందంగా ఉంది.
ఆ మాట అనడానికి నాకు ఇబ్బందిగానే ఉంది:
ఆ తెలుపులో సగం నీరు విరిగిన తెలుపు,
సగం మన బట్టలసబ్బు.
ఎండ ఆ తేడా చూడలేదు.
రెండింటి మీదా ఒకటే ఇంద్రధనుస్సు వేసింది.

సంగమం దగ్గర
ఎడమవైపు తెడ్డు పడితే అర్కావతి,
కుడివైపు పడితే కావేరి.
ఊరు చూసి వచ్చిన నీరు ఒకటి,
గొట్టం తప్పించుకుని వచ్చింది ఇంకొకటి.
పెళ్ళిలో పలకరింపుల్లేని చుట్టాల్లా
కాసేపు పక్కపక్కనే నడిచాయి.
ఎక్కడ కలిశాయో చూద్దామనుకున్నాను.
టీ దొరుకుతుందేమోనని బోపయ్య
అప్పటికే పడవని ఒడ్డుకి తిప్పేశాడు.

సోమవారం, నాగరభావి, తొమ్మిదో క్రాసు.
మూత ఎత్తాను. ముల్లు కదలడం లేదు.
మెట్ల మీద ఖాళీ బిందెల మధ్య చౌడమ్మ:
"నీళ్ళెప్పుడొస్తాయే తల్లీ?"
"సాయంత్రానికి," అన్నాను.
నిన్ననే వాటిని సంగమం దాకా
సాగనంపి వచ్చానని చెప్పలేదు.