ఫ్యాను ఆపిన రాత్రి

సద్దుల బతుకమ్మ పోయిన నాలుగో నాటికి
మా ఇంట్ల కొట్లాట మొదలైతది,
ఫ్యాను ఎంత మీద ఉండాలె అని.

మా ఆయన నాలుగంటడు.
అత్తమ్మ ఓదెమ్మ అసలే వద్దంటది.
హారికకు గాలి అక్కెర లేదు, చప్పుడు కావాలె,
చప్పుడు లేకుంటే నిద్ర పట్టదట.
నేను రెండు మీద పెట్టి
అందరికీ సగం సగం కోపం పంచి పండుకుంట.

పరకాల దిక్కు నుంచి గంప మోసుకొచ్చే ఆమె
"కండ్లు తెరిచినయే ఇస్తున్న బిడ్డా" అంటది.
తెరిచీ తెరవనివి బియ్యం డబ్బాల దాస్తం.
పొద్దుగాల బియ్యం తీసేటప్పుడు
ఒక్కొక్క సీతాఫలాన్ని బొటనవేలుతో పలుకరిస్త.
పలికింది ఆ పూటకే మాయం.
ఎవరు తిన్నరో గింజలు చెప్తయి.
సింకు పక్కన కుప్ప పోసినయి ఆయనయి.
అత్తమ్మయి కొంగు ముడిల ఉంటయి, పేల మందుకట.
హారికయి మాత్రం
పక్కింటి గోడ దాక పోతయి.

దీపావళి దాటితే రోడ్డంత పత్తి.
ఎనుమాముల పోయే డీసీఎంలు
ఎంత గట్టిగ కట్టినా తాళ్ళ సందుల నుంచి జారుస్తయి.
తుమ్మకొమ్మలు గీరి పట్టుకుంటయి.
పాల ప్యాకెట్టుకని పోయిన అత్తమ్మ
పాలు మరిచిపోయి ఒడినిండ పత్తితోటి వస్తది.
గడపల కూసోని గింజ తీస్తది,
తొడ మీద రాసి వత్తి చేస్తది.
"ఎవని చేన్లదో, ధర వచ్చిందో లేదో" అంటది.
కార్తీకం పొద్దుల తులసి కాడ దీపం ముట్టించి,
పేరు ఎరుక లేదు గద,
"ఆ పత్తాయన సల్లగుండాలె" అని మొక్కుతది.

ఒకనాడు స్కూలు టైముకు
నూనె సీసా బోర్లిస్తే రాలేదు.
పిండితే రాలేదు, నేలకు కొట్టినా రాలేదు.
టీవీల చలి అని చెప్పకముందే
మాకు చెప్పేది ఆ నీలి సీసానే.
పిట్టగోడ మీద ఎండ పడే జాగల పెట్టబోతే
అప్పటికే ఫర్జానా ఆపాది ఒకటి నిలబడి ఉన్నది.
పింఛనుకొచ్చిన ముసలోళ్ళ లెక్క
రెండూ భుజాలు రాసుకుంట ఎండ కాగినయి.
తొందరల ఏది ఎవరిదో మారింది.
ఆపా నూనెల మెంతులేస్తది.
ఆ వారమంత మా హారిక జడ మెంతుల వాసన.
అడిగితే ఇచ్చేస్తుండె. ఆపా అడగలే,
నేను ఇయ్యలే.

సాయంత్రం కందికాయ ఉడుకుతది.
ఉప్పు ఎక్కువైనా ఎవరూ అనరు,
అనేటందుకు నోరు ఖాళీ ఉండాలె గద.
పేపరు పరిచి తొక్కలు పోస్తం.
అండ్ల వార్త సగమే చదువుతం,
మిగిలిన సగం తొక్కల కింద ఏమైందో
ఇప్పటికీ తెలువది.

నిన్న రాత్రి ఎవరూ కొట్లాడలే.
నేనే లేచి ఫ్యాను ఆపిన.
రెక్కలు ఆడి ఆడి నిలబడ్డయి.
వాటి మీద ఎండకాలపు దుమ్ము
ఎన్ని నెలలకో కంటికి కనబడ్డది.
బీరువ మీది కొత్తవాడ జంపుఖానా దించి పరిచిన.

ఇగ ఇల్లంత చెవులే.
నల్లా చుక్క స్టీలు గిన్నెల పడుడు,
అత్తమ్మ నిద్రల ఎవరికో "ఆగు, వస్తున్న" అనుడు,
అటెనుక కాజీపేట యార్డుల
డబ్బాకు డబ్బా తగులుడు.
ఆయనకు నైటు డ్యూటీ. షంటింగు.
గోలీల వాసనొస్తదని గునుసుకుంటనే
ఎర్ర మఫ్లర్ చుట్టుకపోయిండు.
ఇప్పుడు వినబడ్డ ఢన్‌ల
ఆయన చెయ్యి ఎంతున్నదో.

హారిక కండ్లు తెరుచుకునే ఉన్నది.
"చప్పుడు లేకుంటే పండవు గదా" అన్న.
"ఉన్నది గద, బాపు చేస్తున్నడు" అన్నది.
బొగ్గుబండి పోతుంటే
జంపుఖానా కిందికెల్లి డబ్బాలు లెక్కపెట్టింది.
ముప్పై ఒకటి కాడ గొంతు ఆగింది.
మిగిలినయి నేను లెక్కపెట్టిన.

యాభై ఎనిమిది. తప్పో ఒప్పో
పొద్దుగాల ఆయన రాంగనే అడగాలె.
అంతకన్న ముందు
నూనె సీసా గోడెక్కించాలె.