మిగిలిన రొట్టెలు

రాత్రి మూడింటికి గుడి వెనక గదిలో పొయ్యి రాజేస్తాను.
దీన్ని మావాళ్ళు బేత్లెహేము అంటారు,
రొట్టెల ఇల్లని అర్థమట.
ఇల్లంటే ఏముంది,
మసిబారిన నాలుగు గోడలు, ఒక తొట్టి,
కూజా మీద బోర్లించిన సత్తుగిన్నె.
కిటికీలోంచి నైలు కనిపించదు.
చెరుకు తోటల మీదుగా దాని బురదవాసన మాత్రం వస్తుంది.

పిండి, నీళ్ళు, పులిసిన ముద్ద. అంతే.
ఉప్పు వెయ్యకూడదు.
పిసుకుతున్నంతసేపూ కీర్తనలే చదవాలి,
లోకాభిరామాయణం పనికిరాదు.
ముప్పై ఒక్క ఏళ్ళు నా నోరు కీర్తనలే చదివింది ప్రభూ.
లోపల లెక్కలు నడిచాయి.

ఒలీవ చెక్కతో ముద్ర వేసి,
నీ ఐదు గాయాల గుర్తుగా ఐదు పోట్లు పొడిచి
ఏడు రొట్టెలు గంపలో పేర్చేవాణ్ణి.
అబూనా సరబామూన్ ఒక్కొక్కటీ తిప్పి చూసి
ఒక్కదాన్ని ఎంచుకుంటాడు బలిపీఠానికి.
ఆయన చెయ్యి ముందు దేనిమీద పడుతుందో
నాకు తెలుసు.
దాన్ని పైన పెట్టేదీ నేనేగా.
"బషందీ రొట్టెకి వెంట్రుకవాసి పగులుండదు"
అని పక్క ఊళ్ళో కూడా అంటారని
మా ఆవిడతో ఎన్నిసార్లు చెప్పానో
ఆమెనే అడుగు, లెక్క ఆమె దగ్గరుంది.

ఆ తరవాత బెసాదా వచ్చాడు.
ఇటుకబట్టీ కూలీ కొడుకు, పదహారేళ్ళు, నత్తి.
ఒక్కో మాటా వాడి పళ్ళ వెనక తన్నుకుని
బయటపడేసరికి
నా కీర్తన అయిపోయి
వాడిది సగంలో ఉంటుంది.
అంతసేపూ వాడి చేతులు పిండిలోనే.
ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదు.

జనన పండుగ రాత్రి
అబూనా చెయ్యి నా రొట్టె మీద ఆగి,
దాన్ని తిరగేసి, అడుగున సన్నని గీత చూసి
పక్కన పెట్టింది.
బెసాదా రొట్టె లోపలికి వెళ్ళింది,
తెల్లబట్ట చుట్టుకుని.
తెర ఇవతల నేను
నలభైరోజుల ఉపవాసం చేసినవాణ్ణి,
ఆ కుర్రాడి పుట్టుకనీ నత్తినీ
ఒక్క ఊపిరిలో తిట్టుకున్నాను.
ధూపం పొగ చాటున ఎవరూ చూడలేదు,
నువ్వు తప్ప.

ఆరాధన అయ్యాక మిగిలిన రొట్టెలు గుమ్మం దగ్గర పంచారు.
నాది వర్దా ముసలమ్మ చేతిలో పడింది.
ఆమె దాన్ని పగులు దగ్గరే విరిచింది.
చాలా సులువుగా విరిగింది.
సగం మనవడికి. మిగతా సగంలో సగం
మంచాన ఉన్న పక్కింటామెకి కొంగున కట్టుకుంది.
అరచేతిలో రాలిన పొడిని
నాలుకతో అద్దుకుని
"తియ్యగా ఉంది" అంది ఎవరితోనో.
ఉప్పు కూడా లేని రొట్టె ప్రభూ!

ఆ రాత్రి నేనేమీ మారిపోలేదు.
ఇంటికెళ్ళి కోడికూర తిని పడుకున్నాను.
మూడోనాడు మాత్రం మరకి వెళ్ళి
నిరుడు తూకంలో ఎక్కువొచ్చినా చెప్పకుండా తెచ్చుకున్న
పిండికి డబ్బులిచ్చాను.
మర యజమాని ఎప్పుడో మరిచిపోయాడు.
"పిచ్చివాడివి" అని నవ్వి టీ తాగించాడు.
గాజుగ్లాసు చేతిలో వణికింది,
అంత చిన్న అప్పు దించడానికి
అంత భయమెందుకో.

గుండ్రనివే తెచ్చాను నీకు ఇన్నేళ్ళూ.
నువ్వు అడిగింది నన్ను.
ఇదిగో, పగులుతో సహా తెచ్చాను.
పీఠం మీదకి పనికిరానంటే
గుమ్మం దగ్గర ఎవరి చేతిలోనైనా పెట్టు.
విరవడం తెలిసినవాళ్ళు విరుచుకుంటారు.

ఇప్పుడు బూడిద ఎత్తేదీ నీళ్ళు మోసేదీ నేనే.
గంపలో పైన ఏ రొట్టె ఉండాలో
బెసాదా చూసుకుంటాడు.
ఇవాళ వాడు "కరుణించు" దగ్గర
ఆగిపోయాడు. క, క, క.
ఇదివరకైతే మిగతా మాట నేనే అందించి
ముందుకి తోసేవాణ్ణి.
పిండిలో చేతులుంచి
ఊరుకున్నాను.
పొయ్యిలో కట్టె చిటపటమంది.
నా నోట్లో కూడా ఆ మాట
ఇంకా సగమే ఉంది.