నాగావళీ, ఎందరం?

నెల్లిమర్ల జనపనార మిల్లు గోదాములో
మళ్ళీ లైట్లు వెలిగాయి.
ఇరవై తొమ్మిదేళ్ళ కిందట ఇక్కడే
థర్మోకోలుతో అంతరిక్షం కట్టాం.
సోడామూతలు మీటలు,
సిగరెట్ పెట్టెల వెండికాగితం గోడలు.
మంగళవారం సెలవు కదాని
దాసన్నపేట సెలూన్ నుంచి అరువు తెచ్చిన
తిరుగుడు కుర్చీ
కెప్టెన్ ఆసనం.

"చుక్కల రేవు" ఐదువందలో భాగమట,
పాతవాళ్ళంతా రావాలని కబురు.
కథలో మేం మంచుపెట్టెల్లో
నూరేళ్ళు నిద్రపోయాం.
అంచేత వయసు పెరగకూడదు.
అసిరినాయుడు అద్దంలో చూసుకుని
"నిద్ర సరిగ్గా పట్టనేదని రాసీండి" అన్నాడు.

ఆయనే కెప్టెన్. ఆర్టీసీ కండక్టరు.
ఏ గ్రహం దగ్గర దిగినా
"ముందుకి జరగండి, ముందుకి" అనేవాడు.
ఇప్పుడు కోటు జిప్పు పొట్ట దగ్గరే
ఆఖరి స్టాపని ఆగిపోయింది.

డాక్టరు చంద్రకాంతం
మూడుకళ్ళ జీవికి పురుడు పోసిన మనిషి,
పొద్దున్న షుగరు మాత్ర వేసుకున్నానా లేదా అని
కనిపించినవాళ్ళందర్నీ అడుగుతోంది.
దొంగతనంగా ఓడెక్కిన బుడ్డోడికి
చీపురుపల్లిలో ఎరువుల కొట్టు, నున్నటి బట్టతల.
అయినా వాడు బుడ్డోడే.
మరమనిషి పోలిరాజు ఆ కూలరు డబ్బాలో ఇక పట్టడు,
మనవడు దూరాడు.
"సెయ్యి అలాక్కాదురా,
బిగుసుకున్నట్టుండాల" అని
తాత పక్కనే నిలబడి
ఇనుములా నడిచి చూపిస్తున్నాడు.

నన్ను మాత్రం గేటు దగ్గరే ఆపేశారు.
"ఎవరు కావాలమ్మా?"
నా ముఖం ఏ భాగంలోనూ లేదు.
పగలు టెలిఫోను ఎక్స్ఛేంజీలో ట్రంకుకాల్సు కలిపి
రాత్రి ఇక్కడికొచ్చి
ఓడకి గొంతయ్యేదాన్ని.
"గాలి పీడనం సరిగ్గా ఉంది" అన్నాను.
కుర్రాడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.
చిన్నప్పుడు ఆ మాట వినబడితేగానీ
అన్నం ముద్ద మింగేవాడు కాదట.

లోపల వెనకంతా పచ్చగుడ్డ.
చుక్కలు తరవాత పెడతారట.
మా చుక్కలు ముందే ఉండేవి.
నల్లగుడ్డకి మేకుతో చిల్లులు పొడిచి
వెనక బల్బు పెట్టేవాడు తవుడు.

మిల్లులో ఫిట్టరు. ఓడలో ఇంజనీరు.
ఆ అట్టల ఓడలో నిజంగా తిరిగేది ఏదన్నా ఉంటే
అది వాడు చేసిందే.
మిల్లు లాకౌటైన ఏడు, పచ్చకామెర్లు.
ఆకుపసరు తాగుతూ కూడా
వచ్చే భాగానికి బొమ్మలు గీశాడు.
పోయాడని రాయడానికి రచయితకి చెయ్యి రాలేదు.
యాంటెన్నా బాగుచెయ్యమని
ఓడ బయటికి పంపించేశాడు.
మూడువందల భాగాలు దాటాయి,
ఇంకా బాగుచేస్తూనే ఉన్నాడు.

ప్రతి భాగం చివర్నా కెప్టెన్ అడగాలి:
"నాగావళీ, ఎందరం?"
కాగితంలో ఐదుగురు అనే ఉండేది.
మొదటిరోజే నేను పొరపాటున
నన్నూ కలిపేసుకున్నాను.
"ఆరుగురం. తలుపు వేస్తున్నాను."
ఎవరూ దిద్దలేదు. అదే స్థిరపడింది.

ఈసారి కాగితంలో ఎవరో
జాగ్రత్తగా లెక్కపెట్టి రాశారు, ఐదుగురం అని.
అసిరినాయుడు కుర్చీలో కూర్చున్నాడు.
అదే కుర్చీ. సెలూన్ వాళ్ళబ్బాయి
అటక మీంచి దించి ఇచ్చాడు.
ఒకసారి ఇటు తిరిగాడు, ఒకసారి అటు.
"నాగావళీ, ఎందరం?"

కళ్ళజోడు తుడుచుకున్నాను.
"ఆరుగురం."
"తలుపు..." అని ఆగాను.
ఆ మాట తరవాత ఏ మాటొస్తుందో
నా నోటికి తెలుసు.
నేను ఒప్పుకోలేదు.
"తలుపు తీసే ఉంచుతున్నాను."

కట్ అనాల్సినవాడు అనలేదు.
కెమెరా తిరుగుతూనే ఉంది.
కూలరు డబ్బాలోంచి పిల్లాడి గొంతు:
"తాతా, ఉక్కపోస్తంది, ఇప్పీ."
పోలిరాజు ఒంగి మరలు తడుముతూ,
వెనక్కి చూడకుండానే
చెయ్యి చాచాడు.
"తవుడూ, స్క్రూడ్రైవరిలాగియ్యి."