తొమ్మిదిన్నర చుట్లు

మంత్రసాని రీట్ ముందే చెప్పింది:
ఆరు నెలల దాకా తోపుడుబండితో పరుగు వద్దు,
చంటిదాని మెడ ఇంకా నిలవలేదు,
నీ ఒళ్ళు కూడా నీకింకా పూర్తిగా
తిరిగి అప్పజెప్పలేదు ఎవరూ.

అందుకే నది దాకా వెళ్ళను.
మా ఊరి నది పేరుకి తల్లి ఏరని అర్థం.
ఆ ఒడ్డున పదకొండు కిలోమీటర్లు
ఒకప్పుడు నా ఆదివారం.
ఇప్పుడు తల్లిని నేను,
ఏరేమో బస్సులో నాలుగు స్టాపుల అవతల.

ఇక నా దారల్లా మా భవనం చుట్టూ.
తార్తులో అన్నెలిన్ పేట,
సిమెంటు పలకల అయిదంతస్తులు,
చుట్టుకి నాలుగువందల పది అంగలు:
చెత్తకుండీలు, ఇసుకగుంట మీద మంచు,
సైకిళ్ళ షెడ్డు,
మళ్ళీ అవే చెత్తకుండీలు.

మిర్టెల్ మూడో అంతస్తు బాల్కనీలో నిద్రపోతుంది.
ఉన్ని మీద ఉన్ని, ఆపైన గొర్రెతోలు,
మైనస్ నాలుగులో ముక్కు మాత్రమే బయటికి.
ఇక్కడి పిల్లలు ఇలాగే పడుకుంటారు,
చలి జోకొడుతుందని మా అమ్మమ్మల లెక్క.

పక్క బాల్కనీ హెల్యు గారిది.
నలభై ఏళ్ళు రైల్వేలో సిగ్నళ్ళు చూసిన మనిషి.
నియమం ఆవిడే పెట్టింది:
కమ్మీకి తెల్లగుడ్డ ఉంటే పో,
ఎర్రతువ్వాలు కనిపిస్తే ఆగు.

మొదటి చుట్టులో మోకాళ్ళు పరాయివి.
మూడో చుట్టులో పొత్తికడుపు ఒక వదులు సంచి,
తుమ్ము వస్తుందేమోనని భయం,
ఎందుకో కన్నవాళ్ళకి తెలుసు.
అయిదులో మాత్రం, ఎవరికీ చెప్పను,
ఒక్క నిమిషం పాటు నేనెవరికీ ఏమీ కాను.
ఊపిరి. బూటు కింద మంచు కరకర.
అంతే.
అప్పుడే ఎక్కడో ఒక పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంది,
నాది కాదు, ఎదురు బ్లాకులోది.
అయినా పాలు చేపుతాయి.
చొక్కా మీద రెండు వెచ్చటి నాణేలు,
చూస్తూండగానే
రెండు చల్లటి నాణేలు.

మొన్న మంగళవారం, పదో చుట్టు.
షెడ్డు దగ్గర తలెత్తితే
ఎరుపు.

వెనక తలుపు, తాళం నంబరు, తప్పు నంబరు, మళ్ళీ నంబరు,
మెట్లు రెండేసి, మూడేసి.
కాన్పయ్యాక అంత వేగంగా పరుగెత్తలేదు ఎన్నడూ,
చేతి గడియారం దాన్ని లెక్కలోకే తీసుకోలేదు.

మిర్టెల్ కదల్లేదు.
పెదాలు కలలో పాలు తాగుతున్నాయి.
అటువైపు హెల్యు గారు కళ్ళజోడు తుడుచుకుంటూ
"తెల్లగుడ్డేనమ్మా అది,
బీట్‌రూట్ సూప్ ఒలికింది, ఉతికినా పోలేదు" అంది.
కాసేపాగి, తనలో తనే,
"నా సర్వీసులో ఒక్క బండినీ ఊరికే ఆపలేదు."
ఆవిడ మొహం చిన్నబోయింది.
మోకాళ్ళ మీద చేతులాన్చి నేను నవ్వాను,
నవ్వుతూంటే ఎందుకో కళ్ళ వెంట నీళ్ళు.
తిరిగి దిగి వెళ్ళొచ్చు. వెళ్ళలేదు.
ఆ చిన్న ముక్కు మీది మంచునలుసు
కరిగేదాకా అక్కడే నిలబడ్డాను.

సాయంత్రం తార్వో వచ్చాడు,
బేకరీ నుంచి, రై రొట్టె వాసనేసుకుని.
ఎన్ని, అన్నాడు.
తొమ్మిదిన్నర, అన్నాను.
ఆ అరని ఎక్కడ వదిలేశావు?
సైకిళ్ళ షెడ్డు దగ్గర.
ఆగస్టు నుంచి గుమ్మంలోనే ఉన్నాయి తన బూట్లు,
ఒకదాంట్లో బిడ్డ మేజోడు దొరికింది.
పిండి అంటిన పంట్లాంతోనే దిగాడు,
ఆ సగం తెచ్చేస్తానని.

పిల్ల రొమ్ము పట్టింది.
వంటింటి కిటికీ కింద తన టోపీ వెళ్ళింది.
కొంతసేపటికి మళ్ళీ వెళ్ళింది.
మళ్ళీ.
ఇది నాలుగోసారి.
సగమన్న మాటకి బాగా ఎక్కువే.

స్నానాలగదిలో మాకూ ఒక ఎర్రతువ్వాలుంది.
పోనీలే,
ఇంకొక్క చుట్టు.