కాజా

కప్పగుడ్డులో రెండు గాజు సూదులు.
గుంటూరు మే నెల, ఏసీ గుడ్డు కోసమే,
నా కోసం కాదు.
తెర మీద గీత కదలదు.
సోడియం గడప దాకా వచ్చి తిరిగిపోతోంది.

ప్రోటియేజ్ అంటే కోసేది.
కోస్తే పాడవుతుందనే
మూడేళ్లు అనుకున్నాను.

కొత్తపేటలో ఖాసిం టైలర్ మెట్ల మీద
అమ్మ కాజాలు తీసేది, చొక్కాకి ఏడు.
కొత్త గుడ్డకి చిల్లేంటని ఏడ్చానట.
"కొయ్యకపోతే గుండీ ఎటు పోద్దే?"

ఇవాళ రెండు మైక్రోలీటర్లు వదిలాను.
ఒక కోత కణం ముందే పెట్టుకుంది.
ఇది రెండోది.
మధ్యలో నలభై మూడు పూసల తునక
ఊడి నీళ్లలో కలిసింది.
గీత కిందికి జారింది, జారుతూనే ఉంది
(లోపలికొచ్చే కరెంటుని మేం కిందికే గీస్తాం).

అప్పుడే అరండల్‌పేట అంతా కరెంటు పోయింది.
యూపీఎస్ కీచుమంటోంది.
పెదవి మీద చెమట, ఉప్పగా.

అమ్మ కత్తెర మొనకి బొటనవేలు అడ్డం పెట్టేది,
గింజంత ఎక్కువ తెగినా గుండీ నిలవదని.
ఈ ఎంజైముకి అడ్డం పెట్టే వేలు ఎవరిదో
నోటుబుక్కులో రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టి
చీకట్లో కూచున్నాను.