ఆకుపచ్చ లారీ

లారీ కావాలంది.
బొమ్మ కాదు, కేకు.
అదీ ఆకుపచ్చది, వెనక గొలుసు వేలాడాలి,
లోడుండాలి, ఖాళీ బండి ఒప్పుకోనంది మెహరున్.
ఆరేళ్ళు నిండుతున్న పిల్ల
సీతాకోకచిలక అంటుందనుకుని
గులాబీ రంగు సీసా ముందే కొని పెట్టుకున్నా.

రోహిణి కార్తె. బెజవాడ.
రోళ్ళ సంగతేమో గాని
గిన్నెలో వెన్న మాత్రం నిలబడనంది.
కుక్కర్లో ఉప్పు పరిచి, విజిల్ తీసి,
గుడ్డు తినని పక్కింటి పిల్లల కోసం పెరుగు కలిపి,
రెండు కేకులు దించా.
ఒకటి పొంగింది. ఒకటి అలిగింది.
అలిగినదాన్ని కింద చాసిస్‌ చేసి
పొంగినదాన్ని కోసి క్యాబిన్ నిలబెట్టా.
ఫ్యాను వేస్తే పొయ్యి ఆరుతుంది,
ఆపితే నేను కరుగుతా.
సోడా బండి ఏసోబు దగ్గర ఇరవై రూపాయల ఐసు తెచ్చి
అందులో క్రీము గిన్నెని కూర్చోబెట్టా,
జ్వరమొచ్చిన పిల్లని కూర్చోబెట్టినట్టు.

కోను చుట్టి గీత గీశా.
వంకర.
గోకేసి మళ్ళీ గీశా.
గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు ఖాజావలి.

పదిహేడేళ్ళు ఆటోనగర్‌లో లారీలకి రంగులేసిన మనిషి.
డీజిల్ ట్యాంకు మీద పులి,
వెనక డోరు మీద ఓనరు కూతురి పేరు,
స్కేలు లేకుండా లాగిన గీత
దారం పట్టి కొట్టినట్టుండేది.
స్టిక్కర్లొచ్చాయి.
ఇప్పుడు టైర్ల షాపులో గాలి కొడుతున్నాడు.
ఆ మాట ఇంట్లో మేం అనుకోం.

“నీ చేతులు వాసన” అన్నా, అడక్కముందే.
మాట్లాడలేదు. నిమ్మచెక్కతో రుద్దాడు,
సబ్బుతో, మళ్ళీ నిమ్మచెక్కతో,
మోచేతుల దాకా, ఆపరేషనుకెళ్ళే డాక్టరులా.
జేబులోంచి కొత్త బ్రష్షు తీశాడు,
ధర చీటీ ఇంకా దాని మెడకే ఉంది.
అంటే పొద్దున్నే కొన్నాడన్నమాట.
నేను పిలుస్తానని
ఇందాకట్నుంచీ చూస్తున్నాడన్నమాట.

గులాబీ రంగు వృథా పోలేదు.
ఆకుపచ్చ తలుపు మీద తామరపువ్వు విచ్చింది,
రేకు రేకుకీ ఆయన ఊపిరి బిగబట్టాడు,
నేనూ బిగబట్టా.
చక్రాలకి క్రీము బిస్కెట్లు. గొలుసుకి పంచదార ముత్యాలు.
దిష్టికి అసలు పచ్చిమిరపకాయే గుచ్చబోతే
“పిల్లలు తింటారే” అని నవ్వాడు.
చాన్నాళ్ళకి.

నంబరు ప్లేటు మీద ఏపీ పదహారు,
పక్కన దాని పుట్టినరోజు అంకెలు.
వెనక ఏం రాయాలి?
“హారన్ కొట్టు!” అంది మెహరున్.
ఆయన వేరే రాశాడు.
కూడబలుక్కుంటూ చదివింది:
“ని దా నం గా... పె రు గు.
పెరుగా? కేకులో పెరుగేశావా అమ్మా?”
వేశా. నిజంగానే వేశా.
ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

సాయంత్రం కొయ్యమంటే కొయ్యదు.
“లోడు దించకుండా ఎట్లా?”
మరమరాల ఉండలు బస్తాలట.
ఒక్కొక్కటీ భుజానికెత్తుకుని, నడుం వంచి, మూలుగుతూ
వాకిట్లో ఉన్న పిల్లలందరికీ దించొచ్చింది.
అంతలో కరెంటు పోయింది.
క్యాబిన్ ఎడమ పక్కకి ఒరగడం మొదలెట్టింది.
“కొయ్యవే తల్లీ, పంచరయ్యేలోపు!”

రాత్రి నేను గిన్నెలు తోముతుంటే
బ్రష్షు ఆయనే కడిగాడు.
టర్పెంటైన్‌తో కాదు, గోరువెచ్చని నీళ్ళతో.
వేళ్ళతో మొన తీర్చి కిటికీలో పెట్టాడు.

సరిగ్గా పోలేదేమో తీపి.
తెల్లారి చూస్తే చీమలు.
దులపబుద్ధి కాలేదు.
కిటికీ చువ్వ నుంచి బ్రష్షు దాకా
ఒకదాని వెనక ఒకటి,
రంగు కోసం వచ్చి ఆగిన లారీల్లా.